ఫ్లాటు మనది, భవనం అందరిది: పాతబడిన అపార్ట్‌మెంటు అప్పు ఎవరు తీర్చాలి?

(సమాఖ్య కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనం గురించి, పెన్షన్ గురించి, గ్రాట్యుటీ గురించి ఈ తరగతిలో ఇప్పటికే వివరంగా చర్చ జరిగింది. పోరాడి సాధించుకొన్న ఆ సొమ్ము పదవీ విరమణ తరువాత ఎక్కడికి పోతున్నదో పరిశీలించే పని నాకు అప్పగించారు. మనలో అత్యధికుల విషయంలో దానికి సమాధానం ఒక్కటే. అది ఇంట్లోకి పోతున్నది. ముప్పయి, ముప్పయి అయిదు సంవత్సరాలు క్వార్టరులో నివసించిన ఉద్యోగి, రిటైరైన కొద్ది నెలలకే దానిని ఖాళీ చేయవలసి ఉన్నది. పిల్లల చదువులు, ఆసుపత్రి, మార్కెట్టు అన్నీ ఆ చుట్టుపక్కలనే అలవాటైనవి. ఊరి మధ్య కొత్త ఫ్లాటు ధర అందదు. కావున ఇరవై, ముప్పయి ఏళ్ళ క్రితం కట్టిన భవనంలో రెండు పడక గదుల ఫ్లాటును చేతులు మారిన ధరకు కొంటారు. గ్రాట్యుటీ, పెన్షన్ కమ్యుటేషన్ మొత్తం, పి.ఎఫ్. నిల్వ అన్నీ అందులో పెడతారు. 2004 జనవరి 1 తరువాత ఉద్యోగంలో చేరిన వారైతే ఎన్.పి.ఎస్. నుంచి ఒకేసారి చేతికి వచ్చే భాగాన్ని అందులోనే పెట్టబోతున్నారు. రిజిస్ట్రేషను పూర్తికాగానే “అద్దె బాధ తప్పింది, ఇక నిశ్చింత” అనుకొంటారు.

ఆ నిశ్చింత ఎంతవరకు నిజమో చూడటమే నేటి విషయం. పాత భవనంలో ఫ్లాటు కొన్నవాడు ఒక ఆస్తితో పాటు ఒక అప్పును కూడా కొంటున్నాడు. ఆ అప్పు ఏ పత్రంలోను కనిపించదు. దానిని తీసుకొన్నది పూర్వపు యజమానులు. తీర్చవలసినది మాత్రం, పిలుపు వచ్చిన నాడు ఆ ఫ్లాటులో ఉన్నవాడు. నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మనం కొన్నది ఏమిటి?

స్వంత స్థలంలో పెంకుటిల్లు కట్టుకొన్నవాడు గోడ బీటవారితే తానే నిర్ణయించుకొంటాడు. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు బాగుచేయించుకొంటాడు. ఫ్లాటు యజమానికి ఆ స్వేచ్ఛ లేదు. అతని దస్తావేజులో రెండు అంశాలు ఉంటాయి. ఒకటి, నాలుగు గోడల మధ్యనున్న ఫ్లాటు. రెండవది, స్థలంలో అవిభక్త వాటా. పునాదులు, స్తంభాలు, దూలాలు, మెట్లు, డాబా, నీటి సంపు, లిఫ్టు, మురుగు గొట్టాలు అందరి ఉమ్మడి సొత్తు. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం కూడా ఫ్లాటును, ఉమ్మడి సదుపాయాలను ఈ విధంగానే వేరుచేసి చూస్తుంది.

దీని ఆర్థిక ఫలితం చాలామంది గ్రహించరు. మూడవ అంతస్తులో ఉన్నవాని గదులు అద్దంలా మెరుస్తూ ఉండవచ్చు. అయినా సెల్లారులోని స్తంభం పాడైతే దాని ఖర్చులో అతనికి వాటా తప్పదు. లిఫ్టు ఎక్కని కింది అంతస్తు వానికీ, డాబా మీదికి పోని ముసలమ్మకూ తప్పదు. స్తంభంలో ఎవరి భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం సాధ్యం కాదు కదా!

అదే విధంగా ఒకరి తప్పు అందరికీ ప్రమాదమవుతుంది. 2017 జూలై 25న ముంబయి ఘాట్కోపర్‌లో నాలుగంతస్తుల భవనం కూలి 17 మంది మరణించారు. కింది అంతస్తులో చేయించిన మార్పుల వలన భవనపు ఆధారాలు దెబ్బతిన్నాయన్నది అప్పుడు వచ్చిన ప్రధాన ఆరోపణ. పైన నివసించిన కుటుంబాలకు ఆ మార్పులతో ఏ సంబంధమూ లేదు.

కాంక్రీటు ఎలా ముసలిదవుతుంది?

కాంక్రీటు శాశ్వతమన్న భ్రమ మనలో ఉన్నది. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప చువ్వలకు కవచం వంటిది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి లోపలికి ఇంకి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. స్నానాల గది గొట్టాల అతుకుల నుంచి, డాబా పగుళ్ళ నుంచి, సంపు గోడల నుంచి చెమ్మ చేరుతుంది. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటె రెండు నుంచి ఆరు రెట్లు స్థలం ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడుతుంది. పగులు పెద్దదైన కొద్దీ నీరు మరింతగా చేరి, తుప్పు మరింత వేగం అందుకొంటుంది. సముద్రతీరాన ఉప్పుగాలి ఈ క్రియను ఇంకా త్వరపెడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, చెన్నై, ముంబయిలలో నివసించే సభ్యులకు ఇది తెలిసినదే. కట్టేటప్పుడు ఉప్పు నీరు వాడి ఉంటే తీరానికి దూరంగా ఉన్న ఊళ్ళలోను అదే గతి.

మొదట గోడ మీద చెమ్మ మరక కనిపిస్తుంది. దానిపై రంగు వేయించి ఊరుకొంటారు. తరువాత సెల్లారు కప్పు నుంచి పెచ్చు రాలుతుంది. సిమెంటు మెత్తి ఊరుకొంటారు. మొదటి దశలో డాబాకు నీరు ఇంకని పూత వేయించి, గొట్టాల అతుకులు మార్పిస్తే సరిపోయే పని, చివరి దశలో స్తంభాలకు కొత్త చువ్వలు కట్టి, చుట్టూ కాంక్రీటు తొడుగు వేయించవలసినంత పనిగా మారుతుంది. చేయని మరమ్మతు అక్కడితో ఆగిపోదు. దానికి చక్రవడ్డీ నడుస్తూనే ఉంటుంది.

రైల్వేవారికి తెలిసిన లెక్క

ఈ విషయం రైల్వే ఉద్యోగులకు వేరొకరు బోధించనక్కరలేదు. 1924లో రైల్వే ఆర్థిక వ్యవహారాలను సాధారణ బడ్జెట్టు నుంచి వేరుచేసినప్పుడే తరుగుదల నిధి ఏర్పడింది. పట్టాలు, వంతెనలు, ఇంజన్లు అరిగిపోయే వస్తువులు గనుక, వాటిని మార్చే నాటికి డబ్బు సిద్ధంగా ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ నిధికి చాలినంత జమచేయని సంవత్సరాలలో ఏమైంది? కాలం తీరిన పట్టాలు, వంతెనలు, సిగ్నళ్ళు బకాయిలుగా పేరుకొన్నాయి. చివరకు 2001లో ఆ బకాయిలు తీర్చడానికి 17,000 కోట్ల రూపాయలతో ప్రత్యేక రైల్వే భద్రతా నిధిని ఏర్పరచవలసి వచ్చింది. తిరిగి 2017-18లో అయిదు సంవత్సరాలకు లక్ష కోట్ల రూపాయల లక్ష్యంతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ ప్రకటించవలసి వచ్చింది.

తరుగుదలకు సొమ్ము పక్కన పెట్టని సంవత్సరంలో లెక్కల పుస్తకం అందంగా కనిపిస్తుంది. మిగులు చూపవచ్చు. కాని ఆ మిగులు రేపటి నుంచి తెచ్చిన అప్పే. ప్రభుత్వానికైతే పన్ను చెల్లించే కోట్లాది ప్రజలున్నారు. నలభై ఫ్లాట్ల సంఘానికి వెనుక ఎవరున్నారు? ఆ నలభై కుటుంబాలే. మరొక భేదం కూడా గమనించండి. పట్టాల వెంట కీమన్ ప్రతిదినమూ నడుస్తాడు. వదులైన కీని ఆనాడే బిగిస్తాడు. మన అపార్ట్‌మెంటు సెల్లారులో స్తంభాలను చూస్తూ నడిచే కీమన్ ఎవరు?

సర్ఫ్‌సైడ్ చెప్పిన పాఠం

ఈ అప్పును దశాబ్దాల తరబడి వాయిదా వేస్తే ఏమవుతుందో ప్రపంచం అమెరికాలో చూచింది. ఫ్లారిడా రాష్ట్రంలో మయామీ సమీపాన సర్ఫ్‌సైడ్ అనే సముద్రతీర పట్టణమున్నది. అక్కడ 1981లో పూర్తయిన 12 అంతస్తుల, 136 ఫ్లాట్ల భవనం ఛాంప్లేన్ టవర్స్ సౌత్. అక్కడి కాండోమినియం పద్ధతి మన అపార్ట్‌మెంటు వంటిదే. ఫ్లాటు ఎవరిది వారిది, కట్టడం అందరిది, నిర్వహణ ఎన్నికైన సంఘానిది.

2018లో సంఘం నియమించిన ఇంజనీరింగు సంస్థ భవనాన్ని పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఈతకొలను చుట్టూ ఉన్న స్లాబుకు నీరు జారిపోయే వాలు లేదనీ, నీరు ఇంకకుండా వేసిన పొర పాడైనదనీ, దాని వలన కింది కాంక్రీటు దెబ్బతిన్నదనీ, త్వరలో మార్చకపోతే నష్టం విపరీతంగా విస్తరిస్తుందనీ తెలియజేసింది. మరమ్మతుల అంచనా సుమారు 90 లక్షల డాలర్లు. సంఘం వద్దనున్న నిల్వ అందులో స్వల్ప భాగం. సభ్యుల మధ్య వాదోపవాదాలు సాగాయి. 2019లో పాలకవర్గంలో ఎక్కువమంది రాజీనామా చేశారు. 2021 నాటికి అంచనా కోటీ 50 లక్షల డాలర్లకు చేరింది. ఒక్కొక్క యజమాని చెల్లించవలసిన ప్రత్యేక చందా, ఫ్లాటు పరిమాణాన్ని బట్టి, సుమారు 80 వేల డాలర్ల నుంచి 3 లక్షల 36 వేల డాలర్ల వరకు నిర్ణయమైంది. చెల్లింపులు జూలైలో ఆరంభం కావలసి ఉండగా, 2021 జూన్ 24 తెల్లవారుజామున ఒంటిగంట దాటిన తరువాత భవనంలో పెద్ద భాగం కూలిపోయింది. నిద్రలో ఉన్న 98 మంది మరణించారు.

ఆ స్లాబు, స్తంభాలు కలిసే చోట్ల బలం మొదటి రూపకల్పనలోనే చాలినంత లేదని తరువాతి ప్రభుత్వ దర్యాప్తులో వెల్లడైంది. కావున మరమ్మతు ఆలస్యమే ఏకైక కారణమని చెప్పరాదు. కాని లోపలి లోపం బయటపడేది పరీక్షలో, దానిని సరిదిద్దగలిగేది నిధి చేతిలో ఉన్నప్పుడు. ఆ భవనానికి పరీక్ష జరిగింది. నిధి లేకపోయింది.

ప్రాణనష్టానికి పరిహారంగా 2022లో న్యాయస్థానం 100 కోట్ల డాలర్లకు మించిన ఒప్పందాన్ని ఆమోదించింది. ఫ్లాట్లు కోల్పోయిన యజమానులందరికీ కలిపి దక్కినది 9 కోట్ల 60 లక్షల డాలర్లు. భవనం పోయిన ఆ స్థలం 12 కోట్ల డాలర్లకు అమ్ముడైంది.

అటుతరువాత 2022లో ఫ్లారిడా ప్రభుత్వం చట్టం చేసింది. మూడంతస్తులు, అంతకు మించిన కాండోమినియంలు 30 సంవత్సరాలు నిండినప్పుడు, ఆపైన పదేళ్ళకొకసారి కట్టడపు పరీక్ష జరిపించాలి. ముఖ్యమైన భాగాల శేష ఆయుర్దాయం, మార్పిడి ఖర్చు లెక్కగట్టి నిధి కూడబెట్టాలి. అంతకు పూర్వం యజమానులు ఏటా ఓటు వేసి ఆ నిధిని మానుకొనే వీలుండేది. కట్టడానికి సంబంధించిన ముఖ్య భాగాల విషయంలో 2024 చివరితో ఆ వీలు పోయింది. 2025లో కొన్ని సడలింపులు వచ్చినా మూలసూత్రం నిలిచింది. ఫలితంగా పాత భవనాలలో నెలసరి చందాలు పెరిగాయి, ప్రత్యేక చందాలు వచ్చిపడ్డాయి, ముప్పయి ఏళ్ళు దాటిన ఫ్లాట్ల ధరలు తగ్గాయి. చందా చెల్లించని ఫ్లాటును సంఘం న్యాయస్థానం ద్వారా అమ్మించగలదు. పెన్షన్ మీద జీవించే వృద్ధులు అనేకులు, అప్పులేని స్వంత ఇంటిలో ఉండి కూడా, దానిని చౌకగా అమ్ముకొని పోవలసి వచ్చింది. చట్టం తప్పని నేను అనను. నలభై సంవత్సరాల బకాయిని నాలుగేళ్ళలో తీర్చమంటే ఎవరు నలుగుతారో గమనించమంటున్నాను.

మన దేశంలో పరిస్థితి

ఇది డాలర్ల దేశపు కథ మాత్రమే కాదు. ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ప్రభుత్వ అభివృద్ధి సంస్థ నిర్మించిన సిగ్నేచర్ వ్యూ అపార్ట్‌మెంట్స్‌లో 336 ఫ్లాట్లు ఉన్నవి. కట్టి పదిహేనేళ్ళు కాకముందే అవి నివాసయోగ్యం కావని ఐ.ఐ.టి. నిపుణుల పరీక్షలో తేలింది. 2024 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు వాటిని పడగొట్టడానికి అనుమతించి, యజమానులకు అద్దె చెల్లించమని ఆ సంస్థను ఆదేశించింది. 2022 ఫిబ్రవరి 10న గుర్‌గ్రామ్‌లో 18 అంతస్తుల టవరులో ఒక ఫ్లాటు స్లాబు కూలి, కింది అంతస్తుల స్లాబులను కూల్చుకొంటూ పోయింది. ఇద్దరు మహిళలు మరణించారు. అక్కడి కాంక్రీటులో ఉప్పు లవణాలు అధికంగా ఉన్నట్లు పరీక్షలలో బయటపడింది.

నిర్మాతను నిలదీయవచ్చు గదా అని మీరు అడుగుతారు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే భవనాలలో కట్టడపు లోపాలకు నిర్మాత బాధ్యత స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ళు. మనం మాట్లాడుకొంటున్నది ఇరవై, ముప్పయి ఏళ్ళ భవనాల గురించి. బీమా ఉన్నది గదా అంటారు. 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్షా పాలసీ అగ్ని, వరద, భూకంపం వంటి ఆపదలకు వర్తిస్తుంది. వయసు వలన వచ్చే అరుగుదలకు, తుప్పుకు వర్తించదు. అమ్మివేయవచ్చు గదా అంటారు. పాత భవనం మీద అప్పు ఇచ్చేముందు బ్యాంకులు దాని శేష ఆయుర్దాయం చూస్తాయి. అప్పు దొరకని ఫ్లాటును రొక్కం ఉన్నవాడే కొనాలి. రొక్కం ఉన్నవాడు బేరమాడకుండా కొనడు.

మిగిలిన ఆశ పునర్నిర్మాణం. ముంబయిలో పాత భవనం ఇచ్చి కొత్త ఫ్లాటు పొందినవారి కథలు విని, మన ఊళ్ళలోను అదే జరుగుతుందని నమ్ముతున్నారు. నిర్మాత ఉచితంగా కట్టి ఇవ్వడు. అదనంగా కట్టి అమ్ముకొనే అంతస్తుల నుంచి అతని లాభం రావాలి. ఎంత ఎత్తు కట్టవచ్చునన్నది స్థలం విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. ఇరుకు వీధిలో అనుమతించినంత మేర ఇప్పటికే కట్టి, పైన అనుమతి లేని పెంట్‌హౌస్ కూడా వేసిన భవనంలో నిర్మాతకు మిగిలేదేమిటి? వెయ్యి గజాల స్థలంలో నలభై ఫ్లాట్లుంటే సగటున ఒక్కొక్కరి అవిభక్త వాటా ఇరవై అయిదు గజాలు. పైగా అందరి సమ్మతి కూడదీయాలి, కట్టే రెండు మూడేళ్ళు అద్దె ఇంట్లో ఉండాలి. డెబ్బయి అయిదేళ్ళ పెన్షనరుకు ఇవి చిన్న విషయాలు కావు.

నిధి విషయంలో మహారాష్ట్ర సహకార గృహ సంఘాల నమూనా నియమావళి మార్గం చూపుతుంది. ఫ్లాటు నిర్మాణ వ్యయంపై ఏటా కనీసం 0.25 శాతం సింకింగ్ ఫండుకు, 0.75 శాతం మరమ్మతుల నిధికి జమచేయాలి. పదిహేను నుంచి ముప్పయి ఏళ్ళ భవనానికి అయిదేళ్ళకొకసారి, ముప్పయి దాటినదానికి మూడేళ్ళకొకసారి కట్టడపు తనిఖీ జరిపించాలి. ముంబయి నగరంలో ముప్పయి ఏళ్ళు దాటిన భవనానికి తనిఖీ పత్రం దాఖలు చేయడం చట్టప్రకారం విధి. మన తెలుగు పట్టణాలలో నిర్మాత మొదట కార్పస్ ఫండు పేర ఒక మొత్తం వసూలు చేస్తాడు. అది సంఘం ఖాతాలోకి వచ్చిందా, మోటారు కాలినప్పుడు, లిఫ్టు ఆగినప్పుడు కరిగిపోయిందా అని అడిగేవారు తక్కువ.

ఒక చిన్న లెక్క

ఉదాహరణ కోసం నలభై ఫ్లాట్ల భవనాన్ని ఊహించండి. ముప్పయ్యవ ఏట స్తంభాలు, డాబా, గొట్టాలు, లిఫ్టు కలిపి కోటీ ఇరవై లక్షల పని పడిందనుకొందాం. వాటాలు సమానమైతే తలకు మూడు లక్షలు. నెలకు ముప్పయి వేల పెన్షన్ వచ్చేవానికి అది పది నెలల పెన్షన్. చివరి మూలవేతనంలో 30 శాతం చొప్పున కుటుంబ పెన్షన్ మీద జీవించే సోదరికి ఎన్ని నెలల గ్రాసమో మీరే లెక్కవేయండి.

అదే భవనంలో మొదటి నెల నుంచి ఫ్లాటుకు 500 రూపాయలు మాత్రమే పక్కన పెట్టి ఉంటే? వడ్డీ లేకుండానే ముప్పయి ఏళ్ళలో ఫ్లాటుకు లక్షా 80 వేలు. ఏడాదికి 6 శాతం వడ్డీ నెలనెలా కలిసినా సుమారు అయిదు లక్షలు. మొత్తం భవనానికి రెండు కోట్లు. కోటీ ఇరవై లక్షల పని ఎవరినీ చేయి చాచి అడగకుండా పూర్తయ్యేది. నెలకు 500 ఆదా చేశామని ముప్పయి ఏళ్ళు సంతోషించిన సభ్యులు నిజానికి ఆదా చేయలేదు. తరువాత వచ్చినవాని గ్రాట్యుటీ మీద చేబదులు తీసుకొన్నారు.

తపాలా సోదరులు ఈ లెక్కను దినదినమూ కౌంటరు మీద చూస్తారు. నెలకు వెయ్యి రూపాయల రికరింగ్ డిపాజిట్, 6.7 శాతం వడ్డీతో, 60 నెలలలో సుమారు 71 వేలు అవుతుంది. పల్లెలో రైతుకూలీకి మీరు చెప్పి ఒప్పించే సూత్రమే ఇది. మన ఇంటి సంఘంలో దానిని చెప్పడానికి ఎందుకు వెనుదీయాలి?

ఎదురు వచ్చే వాదన

చందా పెంపును ఎక్కువగా వ్యతిరేకించేది పెన్షనర్లే అన్న మాట సంఘాల సమావేశాలలో వినబడుతుంది. వారి వాదనలో నిజమున్నది. “నా రాబడి పెరగదు. మందుల ఖర్చు పెరుగుతున్నది. ఈ భవనం ఇంకా ఇరవై ఏళ్ళు నిలవాలని నాకేమి పట్టింది?” అని డెబ్బయ్యవ ఏట ఒకరు అడిగితే కోప్పడటం తగదు. కాని సమాధానం చెప్పాలి. ప్రమాదం వచ్చిన నాడు ఇల్లు వదలి వేరొకచోట చేరడానికి అందరికంటె తక్కువ శక్తి ఉన్నది ఆయనకే. నెలసరి చందాను ఎలాగో సర్దుకోగల పెన్షన్, మూడు లక్షల నోటీసును సర్దుకోలేదు. కావున చందా పెంపును ఆపడం పెన్షనరుకు రక్షణ కాదు. నిధిని తగ్గించకుండా, కట్టలేనివారికి వాయిదాలు పెంచడం రక్షణ. కార్మికోద్యమం నేర్పిన నియమం ఇక్కడ కూడా పనికివస్తుంది: భారం అందరూ మోయాలి, బలహీనునికి గడువు ఇవ్వాలి.

చేయవలసిన పనులు

పాత ఫ్లాటు కొనదలచినవారు ధర మాట్లాడకముందే ఈ విషయాలు తెలుసుకోవాలి.

1. సంఘం రిజిస్టరు అయినదా? గత మూడు సంవత్సరాల ఆడిటు లెక్కలు చూపగలదా? కార్పస్ నిల్వ ఎంత, ఎవరి పేర, ఏ బ్యాంకులో ఉన్నది?

2. కట్టడపు తనిఖీ ఎప్పుడు జరిగింది? నివేదిక ప్రతి ఇస్తారా? అందులో సూచించిన పనులలో ఎన్ని పూర్తయినవి? సమావేశాల మినిట్సు పుస్తకంలో ప్రత్యేక చందాల ప్రస్తావన ఉన్నదా?

3. అమ్మేవానికి బకాయిలు లేవని సంఘం వ్రాతపూర్వకంగా ఇస్తుందా? తీర్మానమై ఇంకా వసూలు కాని చందా ఎవరు చెల్లించాలో అమ్మకపు ఒప్పందంలో వ్రాయించుకొన్నారా?

4. మంజూరైన ప్లాను ఎన్ని అంతస్తులకు? నివాసయోగ్యతా పత్రం ఉన్నదా? డాబా మీది గదులు, నీటి ట్యాంకులు ప్లానులో ఉన్నవా?

5. దస్తావేజులో అవిభక్త వాటా ఎన్ని గజాలు? అందరి వాటాలు కలిపితే మొత్తం స్థలానికి సరిపోతున్నవా?

ఆపై సెల్లారులోకి దిగి, కప్పును, స్తంభాల అడుగు భాగాలను స్వయంగా చూడండి. కొత్త రంగు ఒక్కచోటనే వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. వర్షాకాలంలో ఒకసారి చూసిన తరువాతనే బయానా ఇవ్వడం మేలు.

ఇప్పటికే ఫ్లాటులో ఉన్నవారు చేయవలసినది వేరు. పదిహేనేళ్ళు దాటిన భవనానికి అర్హతగల స్ట్రక్చరల్ ఇంజనీరుచేత తనిఖీ జరిపించాలి. సుత్తి దెబ్బతో ఉపరితల గట్టిదనం కొలవడం, ధ్వని తరంగాలతో లోపలి పగుళ్ళు పట్టడం, కోర్ నమూనా తీసి పరీక్షించడం వంతెనల విభాగంలోని మన సోదరులకు తెలిసిన పనులే. వారు తమ తమ సంఘాలలో ముందుకు వచ్చి, నివేదికను తోటి సభ్యులకు విడమరచి చెప్పాలి. నివేదిక ప్రకారం పదేళ్ళ పనుల పట్టిక తయారుచేసి, ఏ యేట ఎంత కావాలో తేల్చి, నెలసరి చందాలో నిత్య ఖర్చును, మరమ్మతుల నిధిని వేరుగా చూపాలి. రెండింటికీ వేర్వేరు ఖాతాలుండాలి. మరమ్మతుల నిధిలో నుంచి వాచ్‌మన్ జీతం ఇవ్వరాదు. సంఘం వార్షిక రాబడి 20 లక్షలు, ఒక సభ్యుని నెల చందా 7,500 రూపాయలు దాటితే 18 శాతం జి.ఎస్.టి. ప్రశ్న వస్తుంది. పెద్ద మొత్తం ఒకేసారి వసూలు చేసేముందు ఆడిటరును సంప్రదించడం అవసరం.

సమాఖ్య పక్షాన కోరవలసినవి కూడా ఉన్నవి. 2017 నిబంధనల ప్రకారం కేంద్ర ఉద్యోగికి ఇంటి అడ్వాన్సు 34 నెలల మూలవేతనం గాని, 25 లక్షల రూపాయలు గాని, ఏది తక్కువైతే అంతవరకు లభిస్తుంది. ఉమ్మడి భవనపు కట్టడ మరమ్మతులలో తన వాటా చెల్లించడానికి కూడా అడ్వాన్సు పొందే స్పష్టమైన వీలు ఉద్యోగికి ఉండాలి. ఉభయ తెలుగు రాష్ట్రాలలో వయసు మళ్ళిన అపార్ట్‌మెంట్లకు నిర్ణీత కాలపు తనిఖీని, ప్రత్యేక మరమ్మతుల నిధిని అన్ని పట్టణాలకూ ఒకే విధంగా అమలు జరిపించాలి. ఫ్లారిడాలో వలె ప్రమాదం జరిగిన తరువాత తొందరపడి కాక, ముందుగానే, పదేళ్ళ వాయిదాతో, తక్కువ రాబడిగల వృద్ధులకు చవక వడ్డీ రుణంతో దానిని అమలుచేయాలి. ఈ మేరకు తీర్మానం ప్రతిపాదించవలసినదిగా శాఖలను కోరుతున్నాను.

మిత్రులారా, ఇల్లు కొనవద్దని నేను చెప్పడం లేదు. పాత భవనాలన్నీ కూలుతాయని భయపెట్టడం లేదు. శ్రద్ధగా చూసుకొన్న కాంక్రీటు భవనం అర్ధ శతాబ్దం దాటి నిలుస్తుంది. నిలిపేది మాత్రం పునాది రాయి వేసిన నాటి పూజ కాదు, నెలనెలా జమచేసే నిధి. ఇక్కడి నుంచి తిరిగి వెళ్ళిన తరువాత మీ సంఘం కార్యదర్శిని మూడు ప్రశ్నలు అడగండి: మన నిధిలో ఎంత ఉన్నది, మన భవనాన్ని చివరిసారి ఇంజనీరు ఎప్పుడు చూశాడు, వచ్చే పదేళ్ళలో ఏయే పనులు రాబోతున్నవి? సమాధానం లేకపోతే, రాబోయే సర్వసభ్య సమావేశపు కార్యక్రమంలో ఆ మూడింటినీ మొదటి అంశంగా చేర్పించండి. ఎవరూ ముందుకు రాకపోతే ఆ బాధ్యత మీరే తీసుకొనండి. సంఘం నడపడం మనకు కొత్త కాదు.